శకునం చెప్పని బల్లి

రంపచోడవరంలో మాకు ఇచ్చిన క్వార్టర్‌కి రెండు గదులు, ఒక వరండా, పదకొండు బల్లులు. గదుల సంగతి బదిలీ ఆర్డరు అందిన రోజే ఫోన్ చేసి కనుక్కున్నాను. బల్లుల లెక్క మాత్రం మొదటి వానాకాలంలో తేలింది. సాయంత్రం జల్లు కురిసి వెలిసింది. ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. కిటికీ రెక్క వెనకనుంచి ఒకటి, క్యాలెండరు వెనకనుంచి ఒకటి, మీటరు పెట్టె మీదనుంచి రెండు, అలా ఒక్కొక్కటే విందుకు దిగాయి. నేను తల పైకెత్తి లెక్కపెడుతూ పదకొండు దాకా వచ్చాను. అందులో మూడోది పట్టు తప్పి నా ఎడమ భుజం మీద తపీమని పడింది.

మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చింది. భయపడ్డారా అని అడగలేదు.

"ఏమండీ, కదలకండి. కుడా, ఎడమా?" అంది.

పంచాంగం చివరి పేజీల్లో బల్లి పతన ఫలితాలు ఉంటాయని తెలియని తెలుగు ఇల్లు ఉండదు. తల మీద పడితే కలహం. మగవాళ్లకు కుడి వైపు మంచిది, ఆడవాళ్లకు ఎడమ వైపు మంచిది. ఆ బల్లి రెండడుగులు అవతల మా ఆవిడ ఎడమ భుజం మీద పడి ఉంటే ఇంట్లో పాయసం వండేవాళ్లం. నా మీద పడింది కనుక తలస్నానం చేయాల్సి వచ్చింది. అమలాపురం నుంచి మా అత్తగారు ఫోన్‌లోనే విరుగుడు చెప్పారు: కంచికి వెళ్లి బల్లిని తాకి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని ముట్టుకుంటే చాలట. మా ఆఫీసులో ఒక పెద్దాయన కంచి వెళ్లొచ్చారని తెలిసి, మర్నాడు పొద్దున్నే ఆయనతో కరచాలనం చేశాను. అవసరానికి మించి కాస్త ఎక్కువసేపే చేశాననుకుంటాను. చెయ్యి వెనక్కి తీసుకుంటూ ఆయన నన్నొక రకంగా చూశారు.

కంచి వరదరాజస్వామి గుడిలో పైకప్పుకు బంగారు బల్లి, వెండి బల్లి ఉంటాయి. గౌతమ మహర్షి శిష్యులిద్దరు పూజకు నీళ్లు తెస్తే, ఆ కుండలో బల్లి పడి ఉందట. గురువు కోపించి, బల్లులై పుట్టండని శపించాడట. నీళ్లలో పడ్డది బల్లి, శాపం తగిలింది మనుషులకి, దోషం మాత్రం ఇప్పటికీ బల్లి ఖాతాలోనే నడుస్తోంది. మన సామెత ఒకటి ఉంది కదా, అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని. కుండ అయితేనేం, తొట్టి అయితేనేం, మన కథల్లో బల్లి గతి ఎప్పుడూ నీళ్లే.

ఆ రాత్రి తడి తలతో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాను. బల్లితో మనం ఎన్ని తరాలుగా ఒకే కప్పు కింద బతుకుతున్నామో. అది పలికితే నేల మీద వేలితో తట్టి "సత్యం" అంటాం. కానీ ఇన్ని తరాల కాపురంలో దాని గురించి మనం పుస్తకానికి ఎక్కించుకున్నదల్లా అది మన మీద ఎక్కడ పడింది అన్నదే. ఏం తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, రెప్పలు లేని ఆ కంటిని నాలుకతో ఎందుకు తుడుచుకుంటుంది, ఇవేవీ పంచాంగంలో లేవు. దాని బతుకంతా మన మీద పడే ఆ ఒక్క క్షణమే అన్నట్టు రాసుకున్నాం.

నాకు తేనె తెచ్చి ఇచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. కొండరెడ్డి తెగవాడు. మారేడుమిల్లి అవతల ఒక చిన్న ఊరు. వయసు ఆయనకే సరిగ్గా తెలియదు. నేను తాతా అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. ఒక రోజు తేనె సీసా గుమ్మంలో పెట్టి, నేను చీపురుతో క్యాలెండరు వెనక బల్లిని తోలుతుంటే నిలబడి చూశాడు.

"మా వాగులో పచ్చ బల్లులుంటాయి బాబూ. ఇంతింత" అని జానెడు చూపించాడు.

"ఆకుపచ్చా తాతా?"

"కాదు బాబూ, పండు పచ్చ. మామిడిపండు."

మన పాత తెలుగులో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకు రంగూ అవుతుంది. మైదానంలో మేం దాన్ని రెండు ముక్కలు చేసి చెరో పేరూ పెట్టుకున్నాం. కొండ మీద అది ఇంకా ఒకటే మాట. పండు పచ్చ అనగానే నాకు గుర్తొచ్చింది, ఎప్పుడో ఒక పత్రికలో చదివిన బంగారు బల్లి. తిరుమల కొండల్లో ఉంటుందని చదివాను. ఇక్కడ కూడానా?

తూర్పు కనుమల్లోనే ఉంటుందట. ప్రపంచంలో మరెక్కడా లేదు. దాని జాతిలో రెండే రకాలు: ఒకటి మన కనుమలది, రెండోది శ్రీలంకది. మధ్యలో సముద్రం.

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ బొంగు చికెన్ బళ్లు, సెల్ఫీల గుంపులు దాటి, చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కి, ఒక మలుపులో బండి ఆపి, వెదురు పొదల్లోంచి దిగాం. వాగు సన్నబడిన రోజులు. నేను బూట్లు వేసుకున్నాను, తాత చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. రాళ్ల మీద ఎవరు ఎన్నిసార్లు జారారో చెప్పను.

ఈ కొండల రాయి పేరు ఖొండలైట్. ఒడిశా కొండల ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పెట్టాడు. దాని పక్కనే ఉండే ఇంకో రాయి చార్నోకైట్. అది కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయి నుంచి పేరు తెచ్చుకుంది. ఒక రాయికి ఈ కొండల్లో బతికేవాళ్ల పేరు, పక్క రాయికి ఈస్టిండియా కంపెనీ ఏజెంటు పేరు. ఎంతో పాతవి కనుక మెలితిరిగి, పగిలి, పొరలు లేచి ఉంటాయి. ఆ పగుళ్లే మేం వెతికేవాళ్ల ఇళ్లు.

వాగు ఒక చోట వంపు తిరిగి, పెద్ద రాతి కిందికి దూరింది. గొడుగులా ముందుకు వంగిన రాయి. కింద చీకటి, చెమ్మ, గబ్బిలాల వాసన. తాత టార్చి పైకి తిప్పాడు. రాతి పైకప్పుకు తెల్లగా బొట్లు, గుత్తులు గుత్తులుగా. ఒక్కొక్కటి చిన్న రేగుపండంత.

"సున్నమా తాతా?"

"సున్నం ఇక్కడ ఎవరేస్తారు బాబూ. గుడ్లు."

వేలు పెట్టబోయాను. తాత నా మణికట్టు పట్టుకుని దించాడు, కోపంగా కాదు, పొయ్యి దగ్గరికి పోయే పిల్లాణ్ణి ఆపినట్టు. తర్వాత దగ్గరగా చూశాను. రాతికి తగిలిన వైపు చదును, బయటి వైపు గుండ్రం. కొన్ని నిండుగా ఉన్నాయి. కొన్ని పగిలి, పిల్ల వెళ్లిపోయాక అంచు మాత్రం వలయంలా మిగిలింది. వలయం పక్కనే కొత్త గుడ్డు. అంటే పాతవాళ్లు పెట్టిన చోటే మళ్లీ పెట్టారు. బల్లి గుడ్డు పెట్టేటప్పుడు మెత్తగా, జిగురుగా ఉంటుంది. రాతికి ఆనించి పెడుతుంది. గాలి తగిలి గట్టిపడుతుంది. ఒక్కో తల్లివి రెండే. అలాంటి తల్లులు ఎంతమంది కలిసి పెట్టారో, ఆ రాయి ఒక పురిటిల్లులా ఉంది.

గుడ్లు చూస్తున్నాను కనుక బల్లిని ఆలస్యంగా చూశాను. మొదట కన్ను, టార్చి వెలుగులో మెరుస్తూ. ఆ తర్వాత రంగు. పసుపు కొమ్ము అరగదీసి రాతికి పూసినట్టు ఉంది. కాలి వేళ్ల చివర్లు ఆకుల్లా విచ్చుకుని, వెల్లకిలా, తల కిందికి, తొందర ఏమీ లేకుండా. ఈ బంగారం మగవాటికే వస్తుంది, అదీ జత కట్టే కాలంలో. ఆడవి, పిల్లలు రాతిరంగులో కలిసిపోతాయి. కాసేపు మమ్మల్ని చూసింది. చూడవలసినంత విశేషం మా దగ్గర లేదనుకుంటాను, పగులులోకి వెళ్లిపోయింది.

వాగు ఒడ్డున కూర్చున్నాం. అడగాలనుకున్నది అడిగేశాను.

"ఇది పలికితే, మీద పడితే, మీలో ఏమన్నా ఫలితం చెబుతారా తాతా?"

తాత కాసేపు ఆలోచించాడు. "దీనికి మనతో ఏం పని బాబూ?" అన్నాడు. తర్వాత ఇంకోటి కలిపాడు: "పడదు గదా."

ఆ రెండో మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

తెలుగులో పట్టు అంటే ఉడుము పట్టే. కోటలెక్కే కథలన్నీ ఉడుముకే రాసిచ్చాం. కానీ ఉడుము పట్టేది గోళ్లతో. గోరు దిగడానికి సందు కావాలి. బల్లికి ఆ అవసరం లేదు. చెట్టు మీద తలకిందులుగా కూడా పరిగెత్తుతుందని రెండువేల మూడువందల ఏళ్ల కిందటే అరిస్టాటిల్ రాసుకున్నాడు, ఎలాగో చెప్పలేకపోయాడు. జిగురు అన్నారు, గాలి పీల్చి పట్టుకుంటుంది అన్నారు. గోళ్లే సన్నగా ఉంటాయన్నారు. 2000లో అమెరికాలో కెల్లర్ ఆటమ్ బృందం ఒక్క బల్లి వెంట్రుకను విడదీసి, దాని బలం కొలిచింది. పాదం అడుగున ముడతలు, ముడతల మీద వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక మిల్లీమీటరులో పదో వంతు. ఆగ్నేయాసియాలోని పెద్ద టోకే బల్లికి ఒక్కో పాదానికి సుమారు 5 లక్షలు. ఒక్కో వెంట్రుక చివర మళ్లీ వందల పాయలు. ఒక్క వెంట్రుక ఒక చీమను ఎత్తగలదని తేల్చారు. అతుక్కోవడానికి జిగురు లేదు, చెమట లేదు. రెండు వస్తువులు మరీ మరీ దగ్గరికొస్తే అణువుల మధ్య పుట్టే చిన్న ఆకర్షణ చాలు. డచ్చి శాస్త్రజ్ఞుడు వాన్ డెర్ వాల్స్ పేరుతో పిలిచే ఆకర్షణ అది. మనక్కూడా ఉంటుంది. మన చర్మం గోడకి అంత దగ్గరగా చేరలేదు, అంతే తేడా.

చచ్చిపోయిన బల్లి కూడా గోడకి పట్టుకునే ఉండగలదని 2014లో కాలిఫోర్నియాలో చూపించారు. పట్టుకోవడానికి ప్రాణం అవసరం లేదన్న మాట. ప్రాణం కావలసింది వదలడానికే. అడుగు తీయాలంటే బల్లి వేలిని కొసనుంచి వెనక్కి చుడుతుంది, స్టాంపు ఒక మూలనుంచి ఊడదీసినట్టు. వెంట్రుక కోణం మారగానే పట్టు వదిలిపోతుంది. ఇంత సేపు పట్టు గురించి రాసుకొచ్చి చివరికి తెలిసింది ఇది: నైపుణ్యమంతా వదలడంలో ఉంది.

మరి మా క్వార్టర్‌లో ఎందుకు పడుతుంది? గోడకి వేసిన చవక సున్నం పొడి రాలుతుంది కనుక. ఉసిళ్ల కోసం ఒకదాన్నొకటి తరుముకుంటూ ఆ పొడి మీద కాలు పెడుతుంది. వెంట్రుకలు సున్నాన్ని పట్టుకుంటాయి, సున్నం గోడని పట్టుకోదు. అంటే మన బల్లి శాస్త్రం మొత్తం సున్నం నాణ్యత మీద నిలబడి ఉంది. మా ఆవిడకి ఈ మాట చెప్పాను. "అయితే వచ్చే నెల పెయింటు వేయిద్దాం" అంది. శాస్త్రం మీద నమ్మకం పోయిందని కాదు.

రాతికి పొడి రాలదు. అందుకే వాగు బల్లి పడదు. పడదు కనుక దానికి శాస్త్రం లేదు. శాస్త్రం లేదు కనుక తాత దాన్ని తన మంచిచెడ్డల్లోకి ఈడ్చకుండా, దాని ఊరు, దాని గుడ్లు, దాని రంగు మారే కాలం అన్నీ తెలుసుకోగలిగాడు. పలకరించని పొరుగింటివాడి గురించే మనకి ఎక్కువ తెలుస్తుందేమో, అతను మనకేమీ బాకీ లేడు కనుక.

మైదానపు పుస్తకాల్లోకి ఈ బల్లి ఎక్కిన కథ వేరు. 1870లో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే సైనికాధికారి తిరుపతి కొండల్లో పట్టుకుని పేరు పెట్టాడు. గ్రీకులో "అందమైన వేళ్లది", లాటిన్‌లో "బంగారు రంగుది". జాతికి ఆయన పెట్టిన పేరు అంతకుముందే ఇంకో ప్రాణికి ఉందని తెలిసి, 1926లో చిన్న మార్పు చేశారు. 1870 తర్వాత వందేళ్ల పైచిలుకు దాని ఊసు దాదాపు లేదు. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు తిరుమల కొండల్లో మళ్లీ చూసి, "తిరిగి దొరికింది" అని రాశారు.

బెడ్డోమ్ సంగతి ఇంకొకటి ఉంది. ఆయన 1860 నుంచి 1882 దాకా మద్రాసు అటవీ శాఖకు అధిపతి. బల్లులకు, నలికండ్ల పాములకు, ఫెర్న్ మొక్కలకు పేర్లు పెట్టిన ఆ ఇరవై రెండేళ్లలోనే ఈ రంప కొండల్లో 1879 నాటి పితూరీ లేచింది. జీలుగు కల్లు మీద వేసిన పన్ను, పోడు మీద పెట్టిన ఆంక్షలు అందుకు కారణాల్లో ఉన్నాయి. ఆయన పదవి దిగిన ఏడే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. చట్టం ఆయన రాశాడని నేను అనను. కానీ ఒకే శాఖ ఒక చేత్తో బల్లికి పేరు రాస్తూ, ఇంకో చేత్తో బల్లి పక్కన పోడు కొట్టుకునేవాడి పేరు నేరస్తుల జాబితాలో రాయడం నాకు మింగుడుపడదు.

ఆయన జాబితాలో ఇంకో బల్లి ఉంది. జయపురం కొండల్లో 1877 ప్రాంతంలో ఒకే ఒక్కటి దొరికింది. నేల మీద, ఎండుటాకుల్లో తిరిగే బల్లి. దాని వేళ్లకి పట్టే మెత్తలు లేవు, గోడ ఎక్కలేదు. అదీ నూట ముప్పై ఏళ్లకు పైగా కనిపించక, ఈ శతాబ్దం రెండో దశాబ్దం మొదట్లో తూర్పు కనుమల పై ఎత్తుల్లో మళ్లీ కనిపించింది. ఈ జాబితా రాసేవాళ్లకి బల్లి తప్పిపోవడం ఎంత తేలికో చూడండి. బల్లి ఉన్న చోటే ఉంటుంది, వీళ్లే వెతకడం మానేస్తారు. మళ్లీ వెతికిన రోజున దొరికిందని గొప్పగా రాస్తారు. తాతకి ఈ కథ చెప్పాను. ఆయనకి నవ్వు రాలేదు. "వంద ఏళ్లా" అని మాత్రం అన్నాడు, తప్పిపోయిన మేకని వంద ఏళ్లు ఎవరూ వెతకకపోతే ఎలా ఉంటుందో అలా.

మా ఇంటి బల్లి కథ దీనికి పూర్తిగా తిరగేసింది. దానికి ఊరు లేదు. దీపం ఉన్న గోడ చాలు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా నుంచి ఓడల్లో, సరుకుల పెట్టెల్లో ఎక్కి ఆస్ట్రేలియా, మెక్సికో, ఫ్లోరిడా చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పసిఫిక్ దీవులకి విస్తరించింది. అక్కడ అంతకుముందే ఒక చిన్న బల్లి ఉండేది. అందులో చాలామటుకు అన్నీ ఆడవే, మగదిక్కు లేకుండానే గుడ్లు పెట్టి వంశం నిలుపుకునేవి. అడవిలో అది బతికింది. ఊళ్లలో దీపాల కింద మాత్రం ఇంటి బల్లి ముందు నిలవలేకపోయింది. దీపం పురుగుల్ని ఒక చోట పోగు చేస్తుంది, పోగు చేసిన చోట దూకుడుగలవాడిదే తిండి. 1990ల్లో అక్కడ చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. రంపచోడవరం క్వార్టర్లలో ట్యూబ్‌లైటు వెలిగిన రోజునే పదకొండు బల్లులకి ఉద్యోగం దొరికింది.

మనుషుల్ని బల్లులతో పోల్చడం నాకు ఇష్టం లేదు, ముఖ్యంగా ఈ కొండల్లో. పోల్చవలసి వస్తే నన్నే పోల్చుకుంటాను. అమలాపురంలో పుట్టాను, కాకినాడలో చదివాను. ఏలూరు, నర్సీపట్నం, ఇప్పుడు ఇక్కడ. ఎక్కడైనా గోడ, కరెంటు ఉంటే బతికేస్తాను. నా సామాను రెండు గంటల్లో లారీ ఎక్కుతుంది. సామానుతో పాటు ఒకటి రెండు బల్లులు కూడా ఎక్కి ఉంటాయని ఇప్పుడు అనిపిస్తోంది. 2022లో ఇక్కడివాళ్లు తెల్లారి లేచేసరికి తూర్పు గోదావరి జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చి ఉన్నారు, కాలు కదపకుండా. నేను కాలు కదిపి కదిపి ఏ జిల్లాకీ చెందకుండా పోయాను. ఏది మంచిదో నాకు తెలియదు. వదలడం చేతనైనవాడిని అని గొప్పలు చెప్పుకోవచ్చు, అంతవరకే.

బంగారు బల్లికి వదలడం రాదనుకోకండి, అది గోడలు, చెట్లు అన్నీ ఎక్కగలదు. వదలలేనివి గుడ్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జీవశాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లో ఈ బల్లి ఎలాంటి రాయి ఎంచుకుంటుందో చూడడానికి 57 వాగులు తిరిగి, 2010లో ఫలితం ప్రచురించారు. 57లో 7 చోట్ల మాత్రమే గుడ్ల రాళ్లు కనిపించాయి. అన్నిటిలో కలిపి 1,352 గుడ్లు. అంటే సగటున చోటుకి 190 పైచిలుకు. దెబ్బతిన్నవి నూటికి నాలుగు కూడా లేవు. నేను గణితంలో వెనకబడ్డవాణ్ణే, అయినా ఇందులో రెండు విషయాలు కనిపిస్తున్నాయి. ఒకటి, తల్లి ఎంచుకున్న రాయి తప్పు కాదు, నూటికి 96 గుడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు, యాభై వాగులు దానికి పనికిరాలేదు. మన కంటికి అన్నీ ఒకేలా నీళ్లు, రాయి, నీడ. దానికి కాదు. కోడి అయితే గంప మార్చుకుంటుంది, పిల్లి అయితే పిల్లల్ని నోట కరుచుకుని ఇల్లు మారుతుంది. రాతికి అతికిన గుడ్డుని తల్లి కూడా తీయలేదు, తీస్తే పగులుతుంది. ఆ రాయి పోతే ఆ ఏడాది పోయినట్టే. ఆ ఏడు చోట్లా రాళ్లు పోతే, ఆ 57 వాగుల్లో దాని వంశం పోయినట్టే.

పాపికొండల కింద గోదావరి ఇప్పుడు మునుపటిలా లేదు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నిండకుండానే, కాఫర్ డ్యామ్ కట్టిన దగ్గర్నుంచి, వరద వస్తే దేవీపట్నం మండలం ఊళ్లు నీళ్లలోకి వెళ్తున్నాయి. గండి పోచమ్మ తల్లి గుడి శిఖరం దాకా మునిగిన ఫొటో ప్రతి ఏటా పేపర్లో చూస్తాం. ప్రాజెక్టు వల్ల కదలవలసిన కుటుంబాలు లక్షకు పైనే. వాళ్ల కథ రాయడానికి ఈ వ్యాసం చాలదు, నేను సరిపోను. కానీ పునరావాస కాలనీ ఒకదానికి పని మీద వెళ్లినప్పుడు కొత్త గోడ మీద ఇంటి బల్లి అప్పటికే ఉంది. గృహప్రవేశం కాకముందే అది చేరిపోయింది.

నీళ్లు పైకి వస్తుంటే పెద్ద బల్లి రాయి ఎక్కుతుంది. దాని కాళ్ల సత్తువ నేను చూశాను. గుడ్లు ఎక్కలేవు. ఒడిశాలో నియమగిరిలోనూ బంగారు బల్లి ఉందని బాక్సైట్ తవ్వకాల వివాదంలో రాసుకున్నారు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు 12 గ్రామసభలు పెడితే, పన్నెండూ వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా ఖోండులు కొండని దేవుడన్నారు, బల్లి గురించి మాట్లాడలేదు. కొండ మిగిలింది కనుక బల్లి కూడా మిగిలింది. దానికి మనతో పని లేకపోయినా, మన పనుల్లో అది ఎక్కడో ఒక చోట చిక్కుకుంటూనే ఉంటుంది.

చట్టం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఉన్న చోటే, ఈ జానెడు బల్లి కూడా ఉంది. ముట్టుకుంటే జైలు. అయితే బంగారం అన్న పేరు దానికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో చెప్పలేను. రెండు తలల పామని చెప్పి అమాయకపు మట్టిపాముని లక్షలకు అమ్మజూపే ముఠాలు మన జిల్లాల్లో ఎన్నిసార్లు పట్టుబడ్డాయో పేపరు చదివేవాళ్లకి తెలుసు. పేరులో బంగారం వినగానే చెవులు నిక్కించేవాళ్లు ఉంటారు. వాళ్లకి తాత మాట వినిపించాలని ఉంటుంది. వాగు దగ్గర అదీ అడిగాను, బంగారు బల్లి అంటే ఇదేనా తాతా అని.

"బంగారం ఎక్కడిది బాబూ" అన్నాడు. "బల్లే."

తిరిగొచ్చిన రాత్రి మా ఇంట్లో బల్లి పలికింది. మా ఆవిడ అలవాటుగా నేల మీద తట్టి సత్యం అంది. నేను తట్టలేదు. ఆ క్షణంలో నేనేం మాట్లాడుతున్నానో దానికి తెలియదు, తెలియనవసరం కూడా లేదు. పక్క గోడ మీద ఇంకో బల్లి జవాబిచ్చింది. అవి రెండూ ఏదో మాట్లాడుకుంటున్నాయి, మధ్యలో మేం కూర్చుని మా గురించే అనుకుంటున్నాం.

మీరు మారేడుమిల్లి వస్తారు. జలతరంగిణి దగ్గర తడుస్తారు, ఫొటోలు దిగుతారు. రండి. వాగులో గొడుగులా వంగిన రాయి కనిపిస్తే, దాని కింద తెల్లటి బొట్లు గుత్తులుగా ఉంటే, అది సున్నం కాదు. గోటితో గీకకండి. ఆ రాయి మీద మీ పేరు, మీరు ప్రేమించినవాళ్ల పేరు రంగుతో రాయకండి. మంట ఆ రాతి కింద వేయకండి. టార్చి ఒక్క నిమిషం చూపించి దించేయండి. అదృష్టం ఉంటే పచ్చగా ఒకటి కనిపిస్తుంది, కుడి వైపా ఎడమ వైపా అని చూసుకోనక్కర్లేదు.